రేకు, పూత, వాసెన: ద్విమితీయ పదార్థాల ఉపరితల రక్షణ – తెలుగు శాస్త్రపరిభాషపై విమర్శ

వ్యాససంగ్రహం

ఒకటి రెండు పరమాణువుల మందం మాత్రమే ఉండే పొరల పదార్థాలు గాలికి చెడిపోకుండా కాపాడడం నేటి పదార్థవిజ్ఞానంలో ప్రధాన సమస్య. ఈ విషయాన్ని తెలుగులో చెప్పబోయినప్పుడు వాడుతున్న, వాడదగిన పదాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ‘నిష్క్రియీకరణ’, ‘రక్షణ పూత’ వంటి పదాలు వేర్వేరు ప్రక్రియలను ఒకే ముద్దగా చేస్తున్నాయనీ, వృత్తుల్లో, వంటింట్లో బతికి ఉన్న పదాలు ఆ తేడాలను నిలబెట్టగలవనీ ప్రతిపాదిస్తుంది. ఆ పదాల పరిమితులను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: పరిభాష, ద్విమితీయ పదార్థాలు, నల్ల భాస్వరం, పూత, రేకు, వాసెన, వృత్తి పదకోశం, సూరి భగవంతం.

1. ఉపోద్ఘాతం

గ్రాఫైటు నుంచి ఒక్క పరమాణువు మందం గల రేకును వేరుచేసి, దాని విద్యుత్ ధర్మాలను మాంచెస్టర్ పరిశోధకులు 2004లో ప్రకటించారు. ఆ పనికి ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్‌లకు 2010లో నోబెల్ బహుమతి వచ్చింది. వాళ్లు వాడిన ముఖ్య పరికరం మామూలు అంటుటేపు. గ్రాఫైటు ముక్కకు టేపు అంటించి లాగితే పొరలు ఊడివస్తాయి. ఊడిన పొరకు మళ్లీ టేపు అంటించి లాగుతూ పోతే చివరికి ఒక్క పొర మిగులుతుంది. తెలుగు పాఠకునికి ఈ కథ బాగానే చేరింది. ఉక్కు కంటె బలమైనది, రాగి కంటె మెరుగైన వాహకం అన్న పొగడ్తలూ చేరాయి. చేరనిది ఆ తరువాతి కథ. గ్రాఫీన్ బాటలో వెలికివచ్చిన రేకుల్లో చాలా భాగం గాలిలో నిలవవు. కొన్ని గంటల్లో, కొన్ని నిమిషాల్లోనే పాడవుతాయి. ప్రయోగశాలలో ఒక రేకును ఒలవడానికి పట్టే కాలం కంటె దాన్ని బతికించుకోవడానికి పడే పాటు ఎక్కువ.

జనరంజక విజ్ఞాన రచనలో ఆశ్చర్యం ఎప్పుడూ ముందుంటుంది, నిర్వహణ వెనకబడుతుంది. ఇది తెలుగుకే ప్రత్యేకమైన లోపం కాదు. అయితే తెలుగులో దీనికి ఇంకొక కారణం తోడైంది. పదార్థం ‘పాడవడం’ గురించి, దాన్ని ‘కాపాడడం’ గురించి ఖచ్చితంగా మాట్లాడే శాస్త్రపరిభాషను మనం తయారు చేసుకోలేదు. ఉన్న పదాలను చూడలేదు. తెలుగు మాధ్యమంలో ఇంటర్మీడియట్ వరకు చదివి, భౌతికశాస్త్రంలో పరిశోధనకు చేరిన విద్యార్థికి ఇది కేవలం పదాల ఇబ్బంది కాదు. పదం తప్పుదారి పట్టిస్తే ఆలోచన కూడా ఆ దారినే పోతుంది.

2. ‘పొర’ వేరు, ‘రేకు’ వేరు

ముందుగా ‘ద్విమితీయ’ అన్న విశేషణం. ఇది ఆమోదయోగ్యమే. ‘ద్విపరిమాణ’ అని రాసేవారున్నారు గానీ, తెలుగు పాఠ్యపుస్తకాల్లో ‘ఘనపరిమాణం’ అన్నప్పుడు పరిమాణానికి సైజు అనే అర్థం స్థిరపడింది. కాబట్టి ‘మితి’ మేలు. చిక్కు విశేషణంలో లేదు, నామవాచకంలో ఉంది. ఇంగ్లీషులో పొరకు, పలకకు, రేకుకు వేర్వేరు మాటలుంటే, తెలుగు అనువాదాల్లో అన్నింటికీ ‘పొర’ ఒక్కటే వాడుతున్నారు.

మాట్లాడే తెలుగు ఈ తేడాను ఏనాడో చేసిపెట్టింది. ఉల్లిపాయకు పొరలుంటాయి, కంటికి పొర వస్తుంది, మట్టిలో పొరలుంటాయి. పొర ఒక మొత్తంలో భాగం. రేకు అలా కాదు. పూరేకు, తగరపు రేకు, ఇంటిపై కప్పిన రేకు, అభ్రకపు రేకు – ఇవన్నీ విడిగా నిలిచేవి. ఈ లెక్కన గ్రాఫైటులో ఉండేవి పొరలు. ఒలిచి తీసిన గ్రాఫీన్ రేకు. ‘ఒకే పొర గల పొరల పదార్థం’ అని తికమకగా రాసేచోట ‘ఏకరేకు’ అంటే సరిపోతుంది. ఒలవడానికి ‘అపపత్రీకరణ’ వంటి సమాసాన్ని కట్టుకోవలసిన అవసరం కూడా కనబడదు. వేరుశనగ ఒలుపు, అరటిపండు ఒలుపు ఉన్న భాషలో ‘రేకుల ఒలుపు’ ఎందుకు శాస్త్రపదం కాకూడదు?

ఈ తేడా ఎంత లోతైనదో చెప్పడానికి గోదావరి, కృష్ణా జిల్లాల తినుబండారాలే రెండు ఉదాహరణలిస్తాయి. మామిడి తాండ్రను చాపమీద రసం పూసి, ఎండనిచ్చి, దానిపై మళ్లీ పూసి తయారు చేస్తారు. తయారైన తాండ్రను అడ్డంగా కోస్తే వరసలు కనిపిస్తాయి, కాని విడదీయలేము. ఒక పూత తడి కింది పూతలోకి ఇంకి రెండూ ఒక్కటవుతాయి. పూతరేకు దీనికి భిన్నం. వేడెక్కిన బోర్లా కుండమీద పల్చని బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను పరచి లాగితే క్షణంలో రేకు లేస్తుంది. ఆ రేకులు ఒకదానిపై ఒకటి కూర్చుంటాయే గాని అతుక్కోవు. గ్రాఫైటు, నల్ల భాస్వరం, మాలిబ్డినం డైసల్ఫైడ్ పూతరేకు జాతివి. రేకులోపలి పరమాణువులను గట్టి రసాయన బంధాలు పట్టి ఉంచుతాయి; రేకుకూ రేకుకూ మధ్య ఉన్నది వాన్ డర్ వాల్స్ ఆకర్షణ అనే బలహీనమైన పట్టు. గ్రాఫైటులో ఆ ఎడం సుమారు 0.335 నానోమీటర్లు, నల్ల భాస్వరంలో సుమారు 0.53 నానోమీటర్లు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకుకు ఇంకొక సామ్యం కూడా ఉంది: దానికీ గాలిలోని తేమే శత్రువు.

పొరల పదార్థం తెలుగునేలకు కొత్తది కూడా కాదు. నెల్లూరు ప్రాంతంలోని గూడూరు అభ్రక గనులు ప్రసిద్ధం. జనం ‘కాకిబంగారం’ అని పిలిచిన ఆ ఖనిజాన్ని కార్మికులు కత్తితో రేకులుగా చీల్చేవారు. అప్పుడే చీల్చిన అభ్రకపు ముఖం పరమాణు స్థాయిలో చదునుగా ఉంటుంది. అందుకే నానో ప్రయోగాల్లో దాన్ని పీటగా వాడతారు. అయితే ఆ ముఖం గాలిలోని నీటిని, మలినాలను వెంటనే పట్టుకుంటుంది. అందువల్ల వాడే ముందే చీలుస్తారు, చీల్చి దాచుకోరు.

3. చెడిపోవడానికి ఎన్ని పేర్లు

నల్ల భాస్వరం ఈ చర్చకు కేంద్రోదాహరణ. భాస్వరం అంటే వెలిగేది. నల్ల భాస్వరం అన్న పేరే ఒక విరోధాభాస. దీన్ని 1914లో పెర్సీ బ్రిడ్జ్‌మన్ అధిక పీడనంలో మొదట తయారు చేశాడు. భాస్వరపు రూపాలన్నింటిలో స్థిరమైనది ఇదే. తెల్ల భాస్వరంలా గాలిలో మండదు. కాని 2014లో దీన్ని పలుచని రేకులుగా ఒలిచి ట్రాన్సిస్టర్లు చేసినప్పుడు ఆ స్థిరత్వం మాయమైంది. రేకు ఉపరితలం మీద కొన్ని గంటల్లోనే చిన్నచిన్న బుడిపెలు లేచాయి, అవి పెరిగి బిందువులయ్యాయి. భాస్వరం ఆక్సీకరణం చెంది, ఏర్పడిన ఆక్సైడు తేమను పీల్చుకుని ఆమ్లంగా మారుతుంది. ఆమ్లం చెదరగానే దాని కింది భాస్వరం బయటపడుతుంది.

దీన్ని తెలుగులో ఏమనాలి? ‘క్షీణత’ అంటారు, ‘శైథిల్యం’ అంటారు, ‘విఘటనం’ అంటారు. మూడూ గౌరవమైన మాటలే, మూడింటిలోనూ ప్రక్రియ కనబడదు. ఇనుముకు ‘తుప్పు’, రాగి ఇత్తడులకు ‘చిలుము’ అని తెలుగు విడివిడిగా పేరు పెట్టింది. తుప్పు పెళుసుగా పెచ్చులూడుతుంది. ఊడినచోట కొత్త ఇనుము గాలికి తగిలి మళ్లీ తుప్పు పడుతుంది. తుప్పు తింటుంది. చిలుము పైన కూర్చుంటుంది, పులుసు పెట్టి తోమితే పోతుంది, పోనివ్వకపోతే కింది లోహానికి చాలావరకు కప్పుగా నిలుస్తుంది. అల్యూమినియం మీద కంటికి కనబడని ఆక్సైడు ఇంకా గట్టి చిలుము. ఉపరితల రసాయనశాస్త్రంలో అత్యంత ముఖ్యమైన విభజన ఇదే: తనను తాను ఆపుకునే ఆక్సీకరణం ఒకటి, ఆగకుండా లోపలికి పోయేది ఇంకొకటి. నల్ల భాస్వరానికి పట్టేది స్వభావంలో తుప్పుకు దగ్గర, చిలుముకు దూరం. ఈ ఒక్క వాక్యం విద్యార్థికి ఇచ్చే అవగాహనను ‘వాతావరణ ప్రేరిత క్షీణత’ ఇవ్వలేదు.

అయితే నిందనంతా సంస్కృత సమాసాల మీదికి నెట్టడం న్యాయం కాదు. వాడుక తెలుగులోనూ ఒక పెద్ద గుడ్డిచోటు ఉంది. అది ‘గాలి’. ‘గాలి తగిలి పాడైంది’ అన్నప్పుడు గాలి ఒకే దోషి అవుతుంది. నల్ల భాస్వరం విషయంలో మాంట్రియల్ పరిశోధకులు 2015లో ప్రకటించిన ఫలితం ప్రకారం ఆక్సిజన్, నీరు, వెలుతురు – ఈ మూడూ కలిసినప్పుడే చెడుపు జోరుగా సాగుతుంది. పైగా రేకు ఎంత పలుచనైతే చెడుపు అంత వేగం. అంటే చీకటిలో ఉంచడం కూడా ఒక రక్షణే. ‘గాలి’ అన్న మాట వెలుతురును పూర్తిగా దాచేస్తుంది. ఇక్కడ తెలుగు రచయిత వాడుకను నమ్మక, విడమరచి రాయాలి.

4. కాపాడడానికి ఎన్ని పేర్లు: ఒక పరిశీలన

ఈ పదార్థాల రక్షణకు పరిశోధకులు అనుసరించే మార్గాలు ఒకదానితో ఒకటి పొసగనంత వేరైనవి. ఆక్సిజన్, తేమ లేని ఆర్గాన్ లేదా నైట్రోజన్ పెట్టెలో చేతితొడుగుల ద్వారా పని చేయడం ఒకటి. రేకుమీద వేరొక పదార్థాన్ని పేర్చి కప్పడం రెండవది. రేకు ఉపరితలంలోని పరమాణువులకే కొత్త అణువులను బంధించి, వాటి ప్రతిక్రియాశక్తిని తగ్గించడం మూడవది. పై పొరను ఉద్దేశపూర్వకంగా ఆక్సీకరించి, ఆ ఆక్సైడునే కప్పుగా మార్చుకోవడం ఇంకొకటి. తెలుగులో ఇవన్నీ ‘రక్షణ పూత’గానో ‘నిష్క్రియీకరణ’గానో తేలుతున్నాయి.

‘నిష్క్రియీకరణ’ మాటకు మొదటి అభ్యంతరం – అది ఫలితాన్ని చెప్పి పనిని దాస్తుంది. ఉపరితలం నిష్క్రియం కావాలంటే అక్కడ ముందొక క్రియ జరగాలి. 2016లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ బృందం నల్ల భాస్వరానికి ఆరైల్ సమూహాలను బంధించినప్పుడు జరిగింది గట్టి రసాయన చర్య. మూడు వారాల పాటు గాలిలో నిలవగలిగింది ఆ చర్య పుణ్యమే. సిలికాన్ ఉపరితలం మీద తెగిన కొసల్లా వేలాడే బంధాలను ఆక్సైడుతో కట్టిపడేయడం కూడా ఈ కోవకే వస్తుంది. దీన్ని ‘కొసముడి’ అంటే నవ్వేవారుంటారు. కాని నేతలో తెగిన పోగు ముడి పడకపోతే బట్ట అక్కడినుంచే విచ్చుకుంటుందన్న సంగతి తెలిసినవారికి ఆ మాట సిద్ధాంతాన్నే చెబుతుంది.

‘పూత’ సంగతి మరీ ఆసక్తికరం. నూజివీడు మామిడి ప్రాంతాన్ని ఆనుకుని ఉన్న కృష్ణా జిల్లా ఉంగుటూరు వంటి ఊళ్లలో పుష్యమాఘాల్లో పూత అంటే మామిడి పూతే. పూత బాగా వచ్చింది, మంచుకు పూత మాడింది, పూత నిలవలేదు – ఈ మాటల్లో పూత లోపలినుంచి పుట్టుకొచ్చేది. పూయు (వికసించు), పూయు (పులుము) అనే రెండు క్రియలు రూపంలో కలిసిపోవడం వల్ల ఒకే పదం రెండు దిక్కులకు లాగుతుంది. ఇది లోపమని తోస్తుంది గాని, శాస్త్రంలోనూ సరిగ్గా ఈ రెండు దిక్కులూ ఉన్నాయి. కాయమీద సహజంగా ఏర్పడే మైనపు బూడిద లోపలినుంచి వచ్చిన పూత. అల్యూమినియం ఆక్సైడు లాంటిది. ఇత్తడి గిన్నెకు పట్టించే కళాయి బయటినుంచి వేసిన పూత. గిన్నెను వేడిచేసి, నవాసాగరంతో చిలుము పోగొట్టి, కరిగిన తగరాన్ని గుడ్డతో రుద్ది పట్టిస్తారు. ముందు శుభ్రం, తరువాత పూత. ఈ వరుస తప్పితే కళాయి పట్టదు. రేకుల రక్షణలోనూ నియమం ఇదే: ఆక్సీకరణం మొదలైన రేకును కప్పితే చిక్కుకున్న తేమ లోపలే పని చేసుకుపోతుంది.

2014లో నార్త్‌వెస్టర్న్ బృందమే నల్ల భాస్వరం ట్రాన్సిస్టర్ల మీద అల్యూమినియం ఆక్సైడును పరమాణు వరుసలుగా పేర్చి, అవి రెండు వారాలకు పైగా గాలిలో పనిచేసేలా చేసింది. ఇది అక్షరాలా కళాయి వంటి పూత. కాని షట్కోణ బోరాన్ నైట్రైడ్ రేకును తెచ్చి పైన పరచడం పూత కాదు. అక్కడ పులమడం లేదు, అంటించడం లేదు, రసాయన బంధం లేదు. దానికి తెలుగులో సిద్ధంగా ఉన్న మాట ‘వాసెన’. కుండమూతికి, జాడీమూతికి కట్టే గుడ్డ వాసెన. అది లోపలి సరుకును తాకి మార్చదు, అడ్డంగా మాత్రం నిలుస్తుంది. బోరాన్ నైట్రైడ్ రేకు ఉపరితలంలో వేలాడే బంధాలు లేవు, చదునుగా ఉంటుంది, విద్యుత్తును మోయదు. 2010లో కొలంబియా విశ్వవిద్యాలయంలో గ్రాఫీన్‌కు దాన్ని పీటగా వేసినప్పుడు ఎలక్ట్రాన్ల చలనశీలత గణనీయంగా పెరిగింది. తరువాత పైనా కిందా రెండువైపులా పరవడం ఆనవాయితీ అయింది. జపానులోని త్సుకుబాలో వాతనాబె, తనిగుచి పెంచిన బోరాన్ నైట్రైడ్ స్ఫటికాలే ప్రపంచంలోని ఎన్నో ప్రయోగశాలలకు చేరాయి. ఏకరేకులో అయస్కాంత ధర్మం 2017లో చూపిన క్రోమియం ట్రై అయొడైడ్ గాలిలో నిమిషాల్లో పాడవుతుంది. కప్పు లేకుండా దాన్ని పరిశీలించడం సాధ్యం కాదు.

వాసెనకు పైమెట్టు కూడా భాషలో ఉంది. రసౌషధాలు పుటం పెట్టేటప్పుడు మూషకు గుడ్డ, మట్టి కలిపి బిగించేదాన్ని శీలమన్ను అంటారు. గాలి చొరని బిగింపుకు అంతకంటె మంచి మాట దొరకదు. కొత్త ఆవకాయను చూసినా ఈ క్రమం తెలుస్తుంది: ముక్కల తడి తుడవడం, పైకి నూనె తేలేలా చూడడం, జాడీకి వాసెన కట్టడం. ఎండబెట్టడం, ముంచడం, మూయడం మూడు వేర్వేరు పనులని వంటింటికి తెలుసు. పరిభాష ఆ తెలివికి దిగువన ఉండకూడదు.

5. ఉపమానం ఎక్కడ ఆగాలి

ఇంతవరకు చెప్పినదాన్ని పట్టుకుని ‘మన పూర్వులకు నానోవిజ్ఞానం తెలుసు’ అనేవారు బయలుదేరవచ్చు. ఈ ప్రమాదం ఊహించినది కాదు, విశ్వవిద్యాలయ సదస్సుల్లోనూ వినబడేదే. జాడీకి వాసెన కట్టిన ఇల్లాలికి బోరాన్ నైట్రైడ్ తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. ఇక్కడ వాదం పదాల గురించి, ఘనత గురించి కాదు.

ఉపమానం విరిగే చోటు ఒకటి స్పష్టంగా ఉంది. గిన్నెకు కళాయి వేస్తే గిన్నె గిన్నెగానే ఉంటుంది, ఉపరితలం వేరు, వస్తువు వేరు. ఏకరేకులో ఈ విభజన లేదు. దానిలోని ప్రతి పరమాణువూ ఉపరితలంలోనే ఉంది. లోపల అన్నదే లేదు. కాబట్టి దానిపై వేసిన ఏ కప్పైనా రేకు ధర్మాన్నే మారుస్తుంది. పూత వల్ల ఎలక్ట్రాన్లు చేరవచ్చు, తొలగవచ్చు, రేకు సాగవచ్చు. బోరాన్ నైట్రైడును గ్రాఫీన్‌మీద ఒక నిర్దిష్టమైన కోణంలో పరిస్తే రెండు జాలకాలు కలిసి కొత్త అల్లికను సృష్టిస్తాయి. కాపాడడానికి వచ్చినది పాత్రధారి అవుతుంది. మామిడికాయకు కట్టిన కాగితపు సంచి కాయ రుచిని ఇంతగా మార్చదు. ‘రక్షణ’ అన్న మాటలోనే రక్షించేది, రక్షితమయ్యేది అనే ద్వైతం ఉంది. ఏకరేకు దగ్గర ఆ ద్వైతం సందేహాస్పదమని చెప్పగలగడం తెలుగు శాస్త్రరచనకు అసలు పరీక్ష.

6. ఆగిరిపల్లి నుంచి చూస్తే

ఈ ప్రాంతానికి ఈ శాస్త్రంతో సంబంధం మాటలకే పరిమితం కాదు. ఉంగుటూరుకు దూరంలేని, నూజివీడు పక్కనున్న ఆగిరిపల్లిలో 1909లో సూరి భగవంతం పుట్టారు. 1928లో రామన్ ఫలితం వెలువడిన కాలంలోనే ఆయన కలకత్తాలో సి.వి.రామన్ దగ్గర పరిశోధనకు చేరారు. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో టి.వెంకటరాయుడుతో కలిసి, స్ఫటికపు సౌష్ఠవాన్ని బట్టి దానిలో ఎన్ని రకాల కంపనాలు ఉంటాయో, వాటిలో రామన్ వర్ణపటంలో కనబడేవి ఏవో లెక్కించే పద్ధతిని 1939లో ప్రకటించారు. వారిద్దరి గ్రూపు సిద్ధాంత గ్రంథం 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ద్వారానే వచ్చింది.

నేడు ఒక రేకు చెడిందో లేదో, అందులో ఎన్ని పొరలున్నాయో పగలగొట్టకుండా తెలుసుకోవడానికి మొదటి సాధనం రామన్ వర్ణపటమే. మాలిబ్డినం డైసల్ఫైడులో రెండు శిఖరాల మధ్య ఎడం పొరల సంఖ్యను బట్టి మారుతుంది. నల్ల భాస్వరంలో మూడు ప్రధాన శిఖరాల పరస్పర తీవ్రతలు ఆక్సీకరణాన్ని పట్టిస్తాయి. ఆ శిఖరాలు మూడే ఎందుకన్న ప్రశ్నకు జవాబు సౌష్ఠవ గణితంలో ఉంది. ఆ గణితాన్ని స్ఫటికాలకు అన్వయించినవారిలో ఆగిరిపల్లి బిడ్డ ఒకరు. కాని ఆ గ్రంథాలు ఇంగ్లీషులో ఉన్నాయి. వారి కాలానికి అది సహజమే. వారి తరువాతి కాలానికి మాత్రం అది సమర్థన కాజాలదు. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి, ఉన్నతవిద్య పాఠ్యగ్రంథాలను తెలుగులోకి తెచ్చే పని పెద్ద ఎత్తున జరిగింది. అయితే పరిభాష నిర్మాణం ప్రధానంగా సంస్కృత ధాతువుల నుంచే సాగింది.

దానికి సమాంతరంగా మరొక దారి అప్పటికే తెరిచి ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన ‘మాండలిక వృత్తి పదకోశం’ మొదటి సంపుటం వ్యవసాయంపై 1962లో, చేనేతపై రెండవ సంపుటం 1971లో వచ్చాయి. తరువాత ఇతర వృత్తులకూ పని సాగింది. ఊరూరా తిరిగి పదాలను, వాటి రూపభేదాలను నమోదు చేసిన ఈ కృషిని భాషాశాస్త్రవేత్తలు గౌరవించారు. విజ్ఞానశాస్త్ర అనువాదకులు మాత్రం దాన్ని చేతిపుస్తకంగా వాడుకోలేదు. భాషాశాస్త్ర విభాగం అల్మారాలో వృత్తి పదకోశం, సైన్సు విభాగం అల్మారాలో పారిభాషిక పదకోశం. రెండింటి మధ్య నడవ. కళాయి వేసేవారు, అభ్రకం చీల్చేవారు, అద్దాలకు రసం పూసేవారు వాడిన పదాల్లో ఉపరితలానికి సంబంధించినవాటిని ఏరి, ఉపరితల విజ్ఞానపు భావనలతో సరిపోల్చే పరిశోధన పిహెచ్.డి. స్థాయిలో చేయదగినది. అందుకు తెలుగు విభాగం, భౌతికశాస్త్ర విభాగం కలిసి పర్యవేక్షించాలి. ఆ పని త్వరగా మొదలు కావాలి కూడా: స్టీలు గిన్నెలు వచ్చాక వీధిలో కళాయి కేక వినబడడం తగ్గిపోయింది, నవాసాగరం పొగను ఎరిగిన చేతులు ముసలివయ్యాయి.